థ్రిల్లర్ సినిమా ఫోన్‌తో ఎలా ఆడుకుంటుంది? సస్పెన్స్ వెనక ఉన్న 6 టెక్నిక్స్

థ్రిల్లర్ నడుస్తుంటే థియేటర్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "అరే, ఫోన్ చేసి చెప్పొచ్చుగా!" హీరోయిన్ ఒక్కతే ఆ ఇంట్లోకి వెళ్తుంటుంది. లోపల ఎవడున్నాడో హీరోకి తెలుసు, మనకీ తెలుసు. ఒక్క వాట్సాప్ మెసేజ్ పడితే చాలు, కథ అయిపోతుంది. ఆ మెసేజ్ పడకుండా ఆపడమే డైరెక్టర్ పని. ఎలా ఆపాడు అన్నదాన్ని బట్టే అది మంచి థ్రిల్లరా, టైమ్ వేస్టా అన్నది తేలిపోతుంది.

మనం రోజూ ఫోన్లో ప్రాసెసర్ ఏంటి, కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి కొంచెం రూటు మార్చి, అదే ఫోన్ థ్రిల్లర్ సినిమా లోపల ఏం పని చేస్తుందో చూద్దాం. నేను సినిమావాడిని కాదు, పగలంతా కోడ్ రాసుకునే ఉద్యోగం నాది. అయితే ఇష్టమైన థ్రిల్లర్లను రెండోసారి, మూడోసారి చూస్తున్నప్పుడు నాకు ఒకటి బాగా కనిపించింది. కథ ఏదైనా లోపల తిరిగే స్విచ్‌లు మూడే. ఎవరికి ఏం తెలుసు? ఎవరు ఒంటరిగా ఉన్నారు? ఎంత టైమ్ మిగిలుంది?

ఫోన్ ఈ మూడింటినీ పాడుచేసే వస్తువు. తెలియనిది తెలిసేలా చేస్తుంది, ఒంటరిగా ఉన్నవాళ్ళకి తోడు తెస్తుంది, ఆలస్యాన్ని చెరిపేస్తుంది. అందుకే థ్రిల్లర్ టెక్నిక్స్ నేర్చుకోవడానికి ఫోన్‌కి మించిన దారి లేదనిపిస్తుంది నాకు. చివర్లో ఇంకో విషయం కూడా ఉంది. ఈ మూడు స్విచ్‌లనీ ఇప్పుడు సినిమావాళ్ళు మాత్రమే వాడటం లేదు. అక్కడికి కూడా వెళ్దాం.

ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉన్నాయి. 'డయల్ ఎం ఫర్ మర్డర్', 'రియర్ విండో', 'దృశ్యం', 'ఈనాడు' కథల్లోకి నేరుగా వెళ్తాం. 'సెర్చింగ్' క్లైమాక్స్ మాత్రం చెప్పను.

1. ఎవరికి ఎంత యాక్సెస్?

సస్పెన్స్ గురించి ఎవరు మాట్లాడినా ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ దగ్గరికి రావాల్సిందే. 1962లో ఫ్రెంచ్ డైరెక్టర్ ఫ్రాన్స్వా త్రూఫో ఆయన్ని కూర్చోబెట్టి రోజుల తరబడి ఇంటర్వ్యూ చేశాడు. అందులో ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. ఇద్దరు మనుషులు టేబుల్ దగ్గర కూర్చుని ఏవో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి టేబుల్ కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఒక్కసారి ఉలిక్కిపడతాడు, అది కొన్ని సెకన్ల షాక్. అదే బాంబు అక్కడ పెట్టడం ప్రేక్షకుడికి ముందే చూపించి, పేలే టైమ్ కూడా చెప్పేశారనుకోండి. అవే పనికిమాలిన కబుర్లు ఇప్పుడు భరించలేనంత టెన్షన్ పెడతాయి. "మాటలు ఆపి లేవండ్రా బాబూ" అని మనమే అరవాలనిపిస్తుంది.

సీన్ అదే, బాంబు అదే. మారింది సమాచారం ఎవరి దగ్గర ఉందన్నది మాత్రమే.

మా ఉద్యోగంలో ఏ సిస్టమ్ కట్టినా ముందు రాసుకునేది యాక్సెస్ పర్మిషన్స్. ఎవరు ఏ ఫైల్ చూడొచ్చు, ఎవరు చూడకూడదు అని. థ్రిల్లర్ స్క్రిప్ట్ కూడా అంతే. పాత్ర కంటే ప్రేక్షకుడికి ఎక్కువ తెలిస్తే సస్పెన్స్. ఇద్దరికీ సమానంగా తెలిస్తే ఇన్వెస్టిగేషన్, మనం కూడా డిటెక్టివ్ పక్కనే నడుస్తాం. ప్రేక్షకుడికి తక్కువ తెలిస్తే ట్విస్ట్.

'దృశ్యం' దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ. 2013లో జీతూ జోసెఫ్ మలయాళంలో తీశాడు. 2014లో శ్రీప్రియ డైరెక్షన్‌లో వెంకటేష్‌తో తెలుగులో వచ్చింది. చనిపోయింది ఎవరు, ఎలా, ఎవరి చేతిలో అన్నది మనకి ముందే చూపించేస్తారు. అంటే 'హంతకుడు ఎవరు' అనే ప్రశ్నే లేదు. మనకి తెలిసింది పోలీసులకి ఎప్పుడు తెలుస్తుందో అన్నదే టెన్షన్ అంతా. అది సస్పెన్స్. అదే టైమ్‌లో ఒక్క ఫైల్‌కి మాత్రం మనకి కూడా యాక్సెస్ ఇవ్వరు. శవం ఎక్కడుంది? అన్నీ తెలుసనుకుని ధీమాగా కూర్చున్న ప్రేక్షకుడికి ఆఖరి నిమిషాల్లో ఆ ఫైల్ తెరిచి చూపిస్తారు. ఒకే సినిమాలో సస్పెన్స్, ట్విస్ట్ రెండూ అలా పక్కపక్కనే కూర్చున్నాయి.

అందులో ఫోన్ చేసే పని గమనించండి. గొడవ మొదలైందే ఒక కుర్రాడి ఫోన్లో ఉన్న వీడియోతో. తర్వాత అదే కుర్రాడి సిమ్ ఉన్న ఫోన్‌ని హీరో దూరం వెళ్ళే లారీలోకి విసిరేస్తాడు. సిగ్నల్ ఎక్కడికో పోతుంటే పోలీసులు దాని వెనక పోతారు. అంటే హీరో చేసింది తప్పుడు డేటా పంపడం. అతనేమో కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, ఈ తెలివంతా రాత్రిళ్ళు సినిమాలు చూసి సంపాదించాడు.

2. ప్లాన్ ముందు చెప్పు, తర్వాత చెడగొట్టు

1954లో వచ్చిన 'డయల్ ఎం ఫర్ మర్డర్' పేరులోనే ఫోన్ డయల్ ఉంది. భార్యని చంపించాలనుకున్న భర్త, కిరాయికి ఒప్పుకున్నవాడికి ప్లాన్ మొత్తం గదిలో నడిచి మరీ చూపిస్తాడు. రాత్రి ఫలానా టైమ్‌కి నేను బయట నుంచి ఇంటికి ఫోన్ చేస్తాను, ఆమె నిద్ర లేచి ఫోన్ దగ్గరికి వస్తుంది, నువ్వు కర్టెన్ వెనక నుంచి వచ్చి పని పూర్తి చెయ్. అంటే ప్రేక్షకుడికి మాన్యువల్ చేతికిచ్చేశారన్నమాట.

ఆ రాత్రి వచ్చింది. కర్టెన్ వెనక మనిషి రెడీ. భర్తేమో పార్టీలో కూర్చుని వాచీ చూసుకుంటాడు. కాసేపటికి తెలుస్తుంది, వాచీ ఆగిపోయిందని! పరుగెత్తుకుంటూ ఫోన్ దగ్గరికి వెళ్తే అక్కడ ఇంకొకరు మాట్లాడుతున్నారు. ఇంట్లో కిరాయి మనిషి విసిగిపోయి వెళ్ళిపోబోతున్నాడు.

ఇప్పుడు మీ మనసులో ఏముందో చూసుకోండి. "ఫోన్ మోగాలి, త్వరగా మోగాలి" అని ఉంటుంది. ఒక అమాయకురాలి ప్రాణం తీసే కాల్ కోసం మనం ఎదురు చూస్తున్నాం! హిచ్‌కాక్ మనల్ని హంతకుడి పార్టీలోకి లాగేశాడు, అదీ మనకి తెలియకుండా. ఒక పనిని స్టెప్ బై స్టెప్ వివరిస్తే చాలు, అది పూర్తవ్వాలని మన మెదడు కోరుకుంటుంది. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. దొంగతనం సినిమాలు, జైలు నుంచి తప్పించుకునే సినిమాలు అన్నీ బతికేది దీని మీదే.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక బోనస్: ఈ సినిమాని 3డీలో తీశారు. అప్పటి భారీ 3డీ కెమెరాతో డయల్‌ని అంత దగ్గరగా తీయడం కుదరదు. అందుకని పెద్ద సైజు ఫోన్ డయల్, దాన్ని తిప్పడానికి పెద్ద సైజు వేలు తయారు చేయించి ఆ క్లోజప్ తీశారు. మ్యాక్రో లెన్స్ లేని లోటుని వడ్రంగం పనితో తీర్చారన్నమాట.

3. ఒంటరిని చెయ్, కానీ నిజాయితీగా చెయ్

థ్రిల్లర్‌లో భయం మొదలయ్యేది పాత్ర ఒంటరి అయినప్పుడు. పాత సినిమాలకి ఇది సులువు. పాడుబడ్డ బంగ్లా, వర్షం, తెగిపోయిన ఫోన్ వైరు. మొబైల్ వచ్చాక ఆ వైరు లేదు. దాని బదులు వచ్చిందే మనందరికీ విసుగు పుట్టించిన "నో సిగ్నల్" షాట్. ఫోన్ తీసి పైకెత్తి అటూ ఇటూ ఊపడం, బ్యాటరీ ఒక్క శాతం చూపించి స్క్రీన్ నల్లబడిపోవడం. కథకి అవసరమైన క్షణంలోనే సిగ్నల్ పోతే ప్రేక్షకుడికి డైరెక్టర్ చెయ్యి కనిపించిపోతుంది.

మంచి సినిమా ఫోన్‌ని చంపదు. పనిచేసే ఫోన్ చేతిలో పెట్టి కూడా మనిషిని ఒంటరిని చేస్తుంది. 1948లో వచ్చిన 'సారీ, రాంగ్ నంబర్'లో మంచం మీద నుంచి సరిగ్గా కదలలేని ఒక ఆవిడకి పక్కనే ఫోన్ ఉంటుంది. లైన్లు కలిసిపోయి ఎవరో ఇద్దరు హత్య గురించి మాట్లాడుకోవడం ఆమెకి వినిపిస్తుంది. ల్యాండ్‌లైన్ కాలం క్రాస్ టాక్ గుర్తుందా అని ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, నవ్వుతూ చెప్తారు. ఆమె ఎవరికైనా ఫోన్ చేయగలదు. సినిమా అంతా చేస్తూనే ఉంటుంది. సాయం మాత్రం రాదు. ఫోన్ పనిచేస్తున్న కొద్దీ ఆమె ఇంకా ఒంటరిదవుతూ ఉంటుంది.

2004లో వచ్చిన 'సెల్యులార్' ఇంకో దారి. కిడ్నాప్ అయిన ఒక టీచర్ పగిలిపోయిన ఫోన్ వైర్లను కలిపి ఎలాగో ఒక నంబర్‌కి కాల్ వెళ్ళేలా చేస్తుంది. అవతల ఎత్తింది ఎవరో ముక్కూ ముఖం తెలియని కుర్రాడు. ఆమె మళ్ళీ డయల్ చేయలేదు, కాబట్టి అతను కాల్ కట్ చేయకూడదు. అంతే, సినిమా అయ్యేదాకా ఈ ఒక్క రూలే. సిగ్నల్ తగ్గడం, బ్యాటరీ అయిపోవడం ఇందులో కూడా ఉన్నాయి. కానీ ఇక్కడ అవి సాకులు కావు. రూల్ ముందే చెప్పేశారు కాబట్టి అవే ఆటలో అడ్డంకులు. హీరో చేతిలో ఉన్నది నోకియా 6600. ఆ ఫోన్ పట్టుకున్న తరానికి ఆ బ్యాటరీ కష్టం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

తేడా ఇక్కడే ఉంది. పరిమితిని ముందు చెప్పి తర్వాత వాడితే టెన్షన్. అవసరం వచ్చాక పుట్టిస్తే చిరాకు.

4. గడియారం తిప్పు

మూడో స్విచ్ టైమ్. ఎప్పటికి తేలిపోవాలో చెప్పకపోతే ప్రేక్షకుడు వెనక్కి వాలి కూర్చుంటాడు. చెప్తే ముందుకి వంగుతాడు. 'సెల్యులార్' కథ రాసిన ల్యారీ కోహెన్ అంతకు ముందు 'ఫోన్ బూత్' రాశాడు. న్యూయార్క్‌లో ఒక పబ్లిక్ ఫోన్ మోగుతుంది, హీరో ఎత్తుతాడు, పెట్టేస్తే కాల్చేస్తానంటాడు అవతలివాడు. ఆ బూత్ దగ్గర ఎంతసేపు గడుస్తుందో మనకీ దాదాపు అంతసేపే గడుస్తుంది. బూత్ చుట్టూ వందల మంది జనం, పోలీసులు, కెమెరాలు. అయినా అతనంత ఒంటరివాడు ఎవరూ లేరు.

గడియారం అనగానే ఒక పాత అబద్ధం గురించి కూడా మాట్లాడుకోవాలి. "ఇంకో ముప్పై సెకన్లు మాట్లాడించండి సార్, ట్రేస్ అయిపోతుంది!" దీని వెనక ఒకప్పుడు నిజం ఉంది. పాత ఎలక్ట్రో మెకానికల్ ఎక్స్‌ఛేంజీల్లో కాల్ అంటే నిజంగానే కదిలే స్విచ్‌ల వరస. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కాల్ నడుస్తుండగానే ఒక మనిషి ఆ ర్యాకుల మధ్య తిరుగుతూ ఒక్కో కనెక్షన్ వెనక్కి పట్టుకుంటూ వెళ్ళాలి. 1974 నాటి 'బ్లాక్ క్రిస్మస్'లో ఈ పని చేసే మనిషిని చూపించారు కూడా. డిజిటల్ ఎక్స్‌ఛేంజీలు వచ్చాక ఎవరు ఎవరికి చేశారన్నది కాల్‌తో పాటే రికార్డ్ అవుతుంది. మొబైల్ అయితే ఏ టవర్ పరిధిలో ఉందో కూడా నెట్‌వర్క్‌కి తెలుసు. ముప్పై సెకన్ల లెక్క ఎప్పుడో చచ్చిపోయింది. అయినా సినిమాలు దాన్ని వదలవు. ఉచితంగా దొరికే గడియారాన్ని ఏ రచయిత పారేసుకుంటాడు చెప్పండి?

5. పాత్ర నిద్రపోతుంటే మనకి చూపించు

నాకు అన్నిటికంటే నచ్చిన టెక్నిక్ ఇది. దీన్ని చూడటానికి 64 ఏళ్ళ దూరంలో ఉన్న రెండు సినిమాలు కావాలి.

మొదటిది 1954 నాటి 'రియర్ విండో'. కాలు విరిగి వీల్‌చైర్‌లో ఉన్న ఫొటోగ్రాఫర్ తన కిటికీలోంచి ఎదుటి ఇళ్ళను చూస్తుంటాడు. ఎదుటి ఇంటాయన భార్యని చంపాడని అతని అనుమానం. సినిమా దాదాపుగా అతని గదిలోనే ఉంటుంది. అతను చూసిందే మనం చూస్తాం. ఒక్క చోట తప్ప. అతను కునుకు తీస్తున్నప్పుడు కెమెరా మెల్లగా కిటికీ వైపు తిరుగుతుంది. ఆ ఎదుటి ఇంటాయన ఒక ఆడమనిషితో కలిసి బయటికి వెళ్ళడం మనకి మాత్రమే కనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి హీరో అనుమానాన్నే మనం అనుమానిస్తాం. అదే సినిమా చివర్లో ఫోన్ మోగుతుంది. తన పోలీసు స్నేహితుడే అనుకుని హీరో ఎత్తగానే గబగబా మాట్లాడేస్తాడు. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎవరిదో అతనికీ మనకీ ఒకేసారి అర్థమవుతుంది. మ్యూజిక్ లేదు, అరుపు లేదు, మాట్లాడని ఒక్క కాల్.

రెండోది 2018లో వచ్చిన 'సెర్చింగ్'. డైరెక్టర్ అనీష్ చాగంటి, ఇంటిపేరు చూస్తేనే తెలుస్తోంది మన తెలుగు మూలాలున్నవాడని. 2014లో గూగుల్ గ్లాస్ పెట్టుకుని 'సీడ్స్' అనే చిన్న ఫిల్మ్ తీశాడు. ఇండియాలో ఉన్న అమ్మకి ఒక శుభవార్త చెప్పడానికి చేసిన ప్రయాణం అది. ఆ తర్వాత గూగుల్‌లోనే పనిచేశాడు. స్క్రీన్‌ల మధ్య బతికిన మనిషి కాబట్టే కాబోలు, 'సెర్చింగ్' మొత్తాన్ని కంప్యూటర్, ఫోన్ స్క్రీన్‌ల మీదే నడిపించాడు.

అందులో తండ్రి నిద్రపోతుంటాడు. రాత్రి పూట అతని స్క్రీన్ మీద కూతురి నుంచి కాల్ వస్తుంది, ఆగిపోతుంది. మళ్ళీ వస్తుంది. మూడుసార్లు. అతను లేవడు. పొద్దున లేచి కూడా పెద్దగా పట్టించుకోడు. మనకి మాత్రం గుండెలో రాయి పడుతుంది. చూశారా, కిటికీ బదులు ల్యాప్‌టాప్ వచ్చింది, టెక్నిక్ అదే. పాత్ర కళ్ళు మూసుకున్నప్పుడు ప్రేక్షకుడి కళ్ళు తెరిపించడం.

ఇదే సినిమాలో ఇంకోటి. తండ్రి కూతురికి మెసేజ్ టైప్ చేస్తూ చనిపోయిన భార్య గురించి ఒక వాక్యం రాస్తాడు. ఆగుతాడు. డిలీట్ చేస్తాడు. మామూలు మెసేజ్ పంపుతాడు. పాత సినిమా అయితే ఈ బాధ చెప్పడానికి వాయిస్ ఓవర్ పెట్టాలి. ఇక్కడ వెనక్కి నడిచే కర్సర్ సరిపోయింది. మనం కూడా ఇలా ఎన్ని మెసేజ్‌లు చెరిపేసి ఉంటామో! 2020 లాక్‌డౌన్‌లో మహేష్ నారాయణన్ ఐఫోన్‌తో తీసిన మలయాళ సినిమా 'సీ యూ సూన్' కూడా ఈ దారిలోదే. చూడనివాళ్ళు చూడండి.

6. దాచు, కానీ అబద్ధం చెప్పకు

ట్విస్ట్ విషయంలో ఒక ధర్మం ఉంది. ప్రేక్షకుడి దగ్గర దాచొచ్చు, అబద్ధం చూపించకూడదు. రెండోసారి చూసినప్పుడు "అరె, ఇది ముందే కళ్ళ ముందు ఉందే!" అనిపిస్తే అది మంచి ట్విస్ట్. "ఇదెక్కడి నుంచి ఊడిపడింది?" అనిపిస్తే మోసం.

నీరజ్ పాండే 2008లో తీసిన 'ఎ వెడ్‌నస్‌డే'ని తెలుగులో కమల్ హాసన్, వెంకటేష్‌లతో చక్రి తోలేటి 2009లో 'ఈనాడు'గా తీశాడు. ఒక మనిషి బిల్డింగ్ పైన కూర్చుని పోలీసు అధికారికి ఫోన్ చేస్తాడు: సిటీలో బాంబులు పెట్టాను, నేను చెప్పిన టెర్రరిస్టులను విడిచిపెట్టండి. అతని ముఖం మనకి మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంటుంది. మాటలు అన్నీ వింటాం. ఏదీ దాచలేదు. వాళ్ళని విడిపించమంటున్నాడు కాబట్టి వాళ్ళ మనిషే అనే లెక్క మాత్రం మనం సొంతంగా వేసుకున్నాం. అసలు ఉద్దేశం బయటపడినప్పుడు సినిమాని తిట్టలేం, ఎందుకంటే తప్పు లెక్క మనదే. డేటా మొత్తం కరెక్ట్, దాని నుంచి మనం తీసిన అర్థమే తప్పు.

దీనికి పూర్తి రివర్స్‌లో ఒక సరదా సంగతి. 'నైవ్స్ ఔట్' డైరెక్టర్ రియన్ జాన్సన్ 2020లో ఒక వీడియోలో బయటపెట్టాడు: యాపిల్ తన ఐఫోన్లను సినిమాల్లో వాడుకోనిస్తుంది కానీ, విలన్ చేతిలో కెమెరాకి కనిపించనివ్వదట. ఇక మిస్టరీ సినిమా చూస్తూ ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందో చూసుకుంటే హంతకుడు ఎవరు కాదో తెలిసిపోతుందన్నమాట. స్పెక్స్ చూసే కళ్ళకి ఇంతకంటే పెద్ద స్పాయిలర్ ఏముంటుంది?

ఇదే స్క్రిప్ట్ మన ఫోన్‌కి వస్తే?

ఇప్పటిదాకా చెప్పిన టెక్నిక్స్ అన్నీ గుర్తు పెట్టుకుని ఈ కథ వినండి.

ఒక కాల్ వస్తుంది. మీ పేరు మీద వెళ్తున్న పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు. లేదా మీ ఆధార్‌తో తీసిన సిమ్‌ని మనీ లాండరింగ్‌లో వాడారంటారు. కాల్‌ని "పోలీస్ ఆఫీసర్"కి కలుపుతారు. వీడియోలో యూనిఫామ్ వేసుకున్న మనిషి, వెనక గోడ మీద బోర్డు, జెండా. మీరు "డిజిటల్ అరెస్ట్"లో ఉన్నారు, కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు, ఇంట్లోవాళ్ళకి చెప్తే వాళ్ళూ కేసులో ఇరుక్కుంటారు. సాయంత్రంలోగా డబ్బు "వెరిఫికేషన్" కోసం ఫలానా అకౌంట్‌కి పంపండి, తర్వాత తిరిగి వస్తుంది.

స్విచ్‌లు కనిపించాయా? ఎవరికీ చెప్పొద్దు అన్నది ఒంటరితనం. సాయంత్రంలోగా అన్నది గడియారం. మీ ఆధార్ నంబర్, అడ్రస్ వాళ్ళే చదివి వినిపించి, వాళ్ళ గురించి మీకేమీ తెలియనివ్వకపోవడం యాక్సెస్ తేడా. కాల్ కట్ చేయకూడదు అన్నది 'ఫోన్ బూత్' రూలే. ఎవరూ ఎప్పుడూ చూడని ఆ పార్సిల్ ఉంది చూశారా, హిచ్‌కాక్ దాన్ని మెక్‌గఫిన్ అనేవాడు. లోపల ఏముందన్నది ముఖ్యం కాదు, అందరూ దాని చుట్టూ తిరగడం ముఖ్యం.

మా పెద్దమ్మ రిటైర్డ్ టీచర్. ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఎవరు చెప్పినా గుడ్డిగా నమ్మే రకం కాదు. ఆమె ఇలాంటి కాల్‌లో గంటల తరబడి కూర్చుంది, తలుపు గడియ పెట్టుకుని. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఆ రోజు మా వదిన ఒంట్లో బాగోలేక ఆఫీసు నుంచి త్వరగా వచ్చింది. తలుపు కొట్టి, "అత్తయ్యా, ఎవరు ఫోన్లో?" అని అడిగింది. అంతే. ఆ ఒక్క ప్రశ్నతో గదిలోకి రెండో మనిషి వచ్చింది, అవతలివాడు కట్టిన సెట్ కూలిపోయింది. డబ్బు పోలేదు. కానీ పెద్దమ్మ చాలా రోజులు "నేనెలా కూర్చున్నాను అంతసేపు" అని అడుగుతూనే ఉంది. నేను చెప్పింది ఒక్కటే: నువ్వు తెలివి తక్కువదానివి కాదు పెద్దమ్మా, వాళ్ళ స్క్రీన్‌ప్లే గట్టిది. కర్టెన్ వెనక నుంచి ఫోన్ మోగాలని కోరుకున్న ప్రేక్షకులందరూ తెలివి తక్కువవాళ్ళా?

మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేనే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని తన మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పాల్సి వచ్చింది. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయడు, డబ్బు పంపమనడు. ఇలాంటి కాల్ వస్తే మూడు స్విచ్‌లనీ వెనక్కి తిప్పండి. కాల్ కట్ చేసి గడియారం ఆపండి. పక్కనున్న ఎవరికైనా చెప్పి ఒంటరితనం పోగొట్టండి. మీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో నేరుగా అడిగి నిజం తెలుసుకోండి. డబ్బు వెళ్ళిపోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టండి. డబ్బు పోకపోయినా కాల్ అనుమానంగా ఉంటే సంచార్ సాథీలోని చక్షులో రిపోర్ట్ చేయొచ్చు.

వీకెండ్ హోమ్‌వర్క్

ఇదంతా చదివి వదిలేస్తే గుర్తుండదు. ఈ శని, ఆదివారాల్లో మీకు నచ్చిన థ్రిల్లర్ ఒకటి తీసుకుని, ఇంతకు ముందు చూసిందే అయినా సరే, ఒక పేపర్ పక్కన పెట్టుకుని చూడండి. ప్రతి ముఖ్యమైన సీన్ దగ్గర నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఈ సీన్‌లో నాకు ఎక్కువ తెలుసా, పాత్రకి ఎక్కువ తెలుసా?
ఈ పాత్ర ఎవరికైనా ఫోన్ చేయొచ్చా? చేయకపోతే, కారణం ముందే చెప్పారా, అప్పటికప్పుడు పుట్టించారా?
గడియారం ఎక్కడుంది? బ్యాటరీ, బాంబు, తెల్లవారడం, ఎవరో ఇంటికి రావడం, ఏదైనా కావచ్చు.
ట్విస్ట్ వచ్చాక వెనక్కి వెళ్తే, దాచారా, అబద్ధం చెప్పారా?

వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 'దృశ్యం'తో మొదలుపెట్టండి. సినిమా అయ్యాక, "ఇందులో రాంబాబు పోలీసులని ఎలా నమ్మించాడో, అలాగే ఎవరైనా ఫోన్ చేసి మనల్ని నమ్మించాలని చూస్తే ఏం చేద్దాం?" అని మాట కలపండి. సైబర్ సేఫ్టీ అని మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే చదవని పెద్దనాన్న, వెంకటేష్ సినిమా గురించి అయితే గంటసేపు మాట్లాడతాడు. 1930 నంబర్‌ని ఆ గంటలోనే ఆయన ఫోన్లో సేవ్ చేసేయండి.